ఆదెమ్మకు కొడుకు లేడు

"పవన్ ఇల్లు ఏదమ్మా?"

ఆదెమ్మ చింతపండు గింజ తీస్తోంది. తలెత్తి చూసింది. రబ్బరు చెప్పులు, చేతిలో గుడ్డసంచి. బస్సు దిగి అడవి దారిన రెండు కిలోమీటర్లు నడిచి వచ్చాడు. మోకాళ్ల దాకా దుమ్ము.

"గా పేరోళ్లు ఈడ లేరు."

"ఇది ఆదెమ్మ ఇల్లే గదా?"

"అవ్."

"పవన్ నీ కొడుకు గాదా?"

"నాకు కొడుకులే లేరు."

కొడుకు లోపల గదిలో మందుల మత్తులో నిద్రపోతున్నాడు.

ఆ ఊళ్లో అంతే. కొత్త మనిషి వచ్చి ఎవరి పేరు అడిగినా లేడనే చెబుతారు. అడిగింది ఎవరు, ఎందుకు అన్నది తర్వాతి సంగతి. ఒకప్పుడు ఉన్నాడని చెప్పిన ఇళ్ల నుంచి పోలీసులో అన్నలో తీసుకెళ్లిన మగవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. ఆ రోజులు పోయాయి. అలవాటు పోలేదు.

వచ్చినాయన నీళ్లు అడిగాడు. ఆదెమ్మ లేచి వెళ్లి చెంబుతో తెచ్చింది. అతను గోడకు ఆనించిన వాకర్‌ను చూశాడు.

"ఇదెవరిదమ్మా?"

"నాదే. మోకాళ్ల నొప్పులు."

"మంచిగనే నడుస్తున్నవ్ గదా?"

"ఇయ్యాల జర నయం."

అతను నవ్వు ఆపుకున్నాడు. నీళ్లు తాగి, చెంబు కడిగి బోర్లించాడు. పక్క ఇళ్లలోనూ అడిగాడు. ఉన్నాడని ఒక్కరూ అనలేదు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

పవన్ నిద్ర లేచాడు.

"ఎవరమ్మా వచ్చింది?"

"ఫైనాన్సోడు గావచ్చు. ఎల్లగొట్టిన."

"పోలీసులేమో?"

"పోలీసోళ్లయితే జీపు రాదా? నాకు తెల్వదా?"

పవన్ కువైట్‌లో భవనం పని చేస్తూ మూడో అంతస్తు నుంచి పడ్డాడు. నడుము విరిగింది. అక్కడి ఆసుపత్రిలో నలభై రోజులు అన్నం తినిపించింది సెలాం. ఇథియోపియా మనిషి. ఒక ఇంట్లో వంట చేస్తుంది. పెళ్లి చేసుకుందామని ఇద్దరూ అనుకుని అప్పటికే ఏడాది. తర్వాత అతన్ని స్ట్రెచర్ మీద విమానం ఎక్కించారు.

ఇక అతను వెళ్లలేడు. ఆమె రావాలి. యజమానురాలు జూన్‌లో నెల రోజులు సెలవు ఇచ్చింది. అది దాటితే మళ్లీ రెండేళ్లకే.

మొదటిసారి వీసా రాలేదు. కాగితాలు చాలవన్నారు. మళ్లీ పెట్టారు. ఆమె దిగబోయే ఇల్లు ఉందో లేదో పోలీసులు వచ్చి చూస్తారని భద్రాచలంలో దరఖాస్తు నింపినతను చెప్పాడు. ఆ మాట విన్ననాటి నుంచి ఆదెమ్మ జీపు కోసం చూస్తోంది. గోడలకు సున్నం వేసింది. రోజూ ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంటోంది.

రెండు రోజులకు బోరింగు దగ్గర వార్డు మెంబరు బొజ్జయ్య కలిశాడు.

"చెల్లె, నీ కొడుకు కోసం నాకు ఫోన్ గూడ జేసిండ్రు. పవన్ అనేటోడు మీ ఊళ్లె ఉన్నడా అని."

"నువ్వేమన్నవన్నా?"

"ఏమంట? గా పేరే ఇనలేదన్న. రెండుసార్లు అడిగిండు. రెండుసార్లు గదే చెప్పిన."

"ఇంటికి రా అన్నా. చాయ్ పోస్త."

జూన్ మొదలవడానికి ఇంకా ఆరు రోజులుండగా మెసేజ్ వచ్చింది. ఆ చిరునామాలో ఆ పేరు గల మనిషి లేడు. వీసా ఇవ్వలేం.

పవన్ చదివి ఫోన్ పక్కన పడేశాడు. ఆ పూట అన్నం తినలేదు. మరునాడూ తినలేదు. మందులు వద్దన్నాడు. సెలాం ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆదెమ్మ ఎత్తింది.

సెలాంకు వచ్చిన తెలుగు మాట ఒక్కటే. "అమ్మా" అంది. తర్వాత ఏడుపు వినిపించింది.

తెల్లారి ఆదెమ్మ బొజ్జయ్యను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది.

"ఎవ్వలూ రాకుండనే లేడని ఎట్ల రాసిండ్రు సారూ?"

రైటర్ రిజిస్టర్ తిప్పాడు.

"వచ్చిండమ్మా. మా హెడ్ కానిస్టేబుల్ జైరాం. గుడ్డసంచి పట్టుకొని."



"జీపేది? ఖాకీ బట్టలేవి?"

"మీ దిక్కు గా బట్టలేసుకొని ఒక్కడు వస్తడా?"

"నోరుంది గదా, పోలీసునని చెప్పొద్దా?"

"చెప్తే ఇంకింత లోపలికి దాస్తరు గద మీరు."

"నా కోడలి నోట్ల మన్ను గొట్టిండు! వాని చెయ్యి పడిపోను!"

"ఆయనను తిట్టకమ్మా. ఆయన లేడని రాయలే." రైటర్ కాగితం ముందుకు జరిపాడు. "మనిషి ఉన్నడు, ఇల్లు ఉన్నది, పిల్లను రానియ్యచ్చని రాసిండు. పైనోళ్లు ఒకసారి చూద్దామని ఊళ్లెకు ఫోన్ జేసిండ్రు. మెంబరే లేడన్నడంట."

ఆదెమ్మ బొజ్జయ్యను పక్కకు జరిపి ముందుకు వచ్చింది.

"ఇప్పుడు చెప్తున్న సారూ. ఉన్నడు. నాకు ఒక్కడే కొడుకు. రాసుకోండ్రి."

"మళ్ల దరఖాస్తు పెట్టాలె. రెండు నెలలు పడ్తది."

"గా జైరాం సారుకు మొక్కుత. ఏడున్నడు?"

"తప్పుడు రిపోర్టు రాసిండని సస్పెండ్ జేసిండ్రు. మొన్న సామాను సదురుకొని పోయిండు."

ఆదెమ్మ బల్ల మీది కాగితం చేతిలోకి తీసుకుంది. రైటర్‌ను అడిగింది.

"ఊరు ఊరంత లేడంటే ఆయన ఉన్నడని ఎట్ల రాసిండు?"

"నేను గూడ గదే అడిగిన." రైటర్ రిజిస్టర్ మూశాడు. "'మా గూడెంల మా అమ్మ నన్ను గాదె ఎనుక దాచి, వచ్చినోళ్లకు గింత జల్దీగనే లేడని చెప్పేది' అన్నడు."