నేరం పేరేంటండీ?

"సంతకం పెట్టు. రేపట్నించీ మామూలుగా పనిలోకి రావచ్చు."

కడియం నర్సరీలో కొత్త మేనేజరు సత్యప్రసాద్ ఇంగ్లీషు కాగితం ఒకటి ముందుకు తోశాడు.

అక్కడ అంటు కట్టే లక్ష్మీదుర్గకు అందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు.

మొక్కలకు అంటు కట్టే ఆడవాళ్ళు కత్తిరించి పారేసిన కొమ్మల్ని ఇంటికి పట్టుకెళ్ళి పాతుకోవడం అక్కడ ఏనాటి నుంచో ఉన్నదే. ఆ సంగతి కొత్తాయనకు ఎవరు చెప్పాలి? ఆమె పెరట్లో నర్సరీ గులాబీలు చూశాడు, దొంగ అనేశాడు.

ఆమె పెన్ను అందుకుంది.

"ఆగమ్మా. అందులో ఏం రాశారో చదివావా?"

మందార మొక్క కొనడానికొచ్చిన ముసలాయన. వెలిసిపోయిన చొక్కా, చేతిలో గుడ్డసంచీ.

"మీకెందుకండీ! మీ బేరం మీరు చూసుకోండి" కసిరింది లక్ష్మీదుర్గ. ఈ గొడవ ఎంత తొందరగా తెమిలితే అంత మేలనుకుంది.

ఆయన నొచ్చుకోలేదు. కాగితం తీసుకుని చదివాడు.

"రాబరీ అని రాశారేంటి బాబూ? రాబరీ అంటే కొట్టో, బెదిరించో లాక్కోవడం. ఈ అమ్మాయి మీ పీక మీద కత్తి పెట్టిందా?"

అక్కడే అంటు కడుతున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. సత్యప్రసాద్ మొహం కందగడ్డయింది.

"సరే, థెఫ్ట్ అని మారుస్తాను."

"పారేసిన కొమ్మ తీసుకుంటే థెఫ్ట్, దొంగతనం, ఎలా అవుద్దండీ? మీకు అనుమానముంటే సస్పెక్ట్ అనండి. కేసు పెడితే అక్యూజ్డ్, నిందితురాలు. గిల్టీ, అంటే నేరం చేసిందని తేల్చాల్సింది కోర్టు. మీరు ఆ మాట ఈ అమ్మాయి చేతే ఒప్పించేస్తున్నారు."

"నువ్వేమన్నా ప్లీడరువా?"

ముసలాయన లక్ష్మీదుర్గ వైపు తిరిగాడు.

"ఒక్కసారి సంతకం పెట్టావంటే, చెయ్యలేదని తర్వాతెంత మొత్తుకున్నా ఎవరూ వినరమ్మా."

ఆమె పెన్ను బల్ల మీద పడేసింది.

"పెట్టనండి."

"పని పోద్ది!"

"పోతే పోనీండి. దొంగనని నా చేత్తో నేను రాసుకోను. పోలీసుల్నే పిలవండి. కొమ్మలు పారబోసే గొయ్యి నేనే చూపిస్తాను."

"నా పేరు కూడా చెప్పండి. నేనూ పట్టికెళ్ళాను" అంటూ ఆ ఆడవాళ్ళలో ఓ చిన్నమ్మాయి లేచింది. ఆమె వెనకే మరో పదిమంది లేచారు.

అంటు కట్టేవాళ్ళంతా వెళ్ళిపోతే నర్సరీ గతేమిటో మేనేజరుకు తెలుసు. కాగితం చింపేశాడు.

ఆ సందడిలో ముసలాయన ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు.

అంత మంచి మనిషిని కసిరానే అని లక్ష్మీదుర్గ వారం రోజులు కుమిలిపోయింది. చివరికి బిల్లు పుస్తకంలో ఆ రోజు మందార మొక్క కొన్నాయన పేరు వెతికింది. రాజరత్నం, ధవళేశ్వరం. ఆదివారం నాడు ఓ గులాబీ మొక్క పట్టుకుని ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

"ప్లీడరు గారున్నారాండీ? క్షమాపణ చెప్పుకుందామని వచ్చానండి."

గుమ్మంలోని పెద్దావిడ మొక్క అందుకుంది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆయన పోయి నాలుగు రోజులైందమ్మా. ప్లీడరెవరు? ఏం రాశారో తెలియకుండా కాగితం మీద వేలిముద్ర వేసేసి, చెయ్యని నేరానికి పన్నెండేళ్ళు జైల్లో ఉండి, అక్కడ చదువు నేర్చుకున్న మనిషమ్మా ఆయన."