ఖాళీ స్లాట్లు

"పెద్ద గ్రాఫిక్స్ కార్డే తీస్కోరా, చెప్తాండా గదా!"

రామలింగప్ప గొంతు ఆ కంప్యూటర్ల దుకాణంలో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేంత పెరిగింది.

"చిన్నది చాలు నాయనా," అన్నాడు భూపేష్ తల ఎత్తకుండానే. అతని ఒళ్లో మదర్‌బోర్డు అట్టపెట్టె ఉంది. "మిగిలే దుడ్లు దీని మీద పెడదాం. ఇంగ మూడేండ్లకో నాలుగేండ్లకో వచ్చే ప్రాసెసర్లు గూడా దీంట్లో కూచుంటాయి."

కౌంటరు వెనక ఖాజాహుసేన్ పకపకా నవ్వాడు. "ఏమప్పా, నా అంగట్లో ఇట్లాంటి కొట్లాట నేను యానాడూ సూడలేదు. పిల్లోళ్లు పెద్ద కార్డుకు ఏడుస్తారు, పెద్దోళ్లు శానా కాలం మన్నేది ఇయ్యమంటారు. మీ ఎమ్మిగనూరులో అంతా తిరగబడి ఉంటాదా ఏంది?"

రామలింగప్ప కూడా నవ్వబోయాడు. పెదవులు కదిలాయే గాని నవ్వు రాలేదు. మూడేండ్లట, నాలుగేండ్లట! బెంగళూరు ఆసుపత్రిలో డాక్టరు భూపేష్‌ను బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, తన ఒక్కడితో చెప్పిన గడువులో వచ్చే వేసవి కూడా లేదు. కట్టుకున్నదానితో సహా ఇంట్లో అందరికీ ఆయన రక్తహీనత అనే చెప్పాడు. మాత్రలతో తగ్గిపోతుందని కొడుకును నమ్మించాడు. పిల్లవాడు ఇంటర్ నాటినుంచి కలవరించిన ఈ యంత్రం మీద, ఉన్నన్నాళ్లూ, దొరికినవాటిలోకెల్లా గొప్ప ఆట ఆడాలన్నది ఒక్కటే ఆ తండ్రికి మిగిలిన కోరిక. ఆ కోరికకు కారణం మాత్రం నోరు దాటరాదు.

"తర్వాత సంగతి తర్వాతరా. ఇప్పుడు ఆడుకునేదానికి ఏది బాగుంటాదో అది సూడు. దుడ్ల మాట నాకిడిచిపెట్టు."

"నీది ఎప్పుడూ ఇదే నాయనా. ఉగాదికి ఓళిగలన్నీ పొద్దున్నే తినేసి, మాపటికి చట్టి నాకే రకం నువ్వు."

ఖాజా మళ్లీ నవ్వి, ర్యామ్ పెట్టెలు రెండు ముందుకు తోశాడు. "రెండూ ఏస్తే జోరుగా పోతాది తమ్ముడూ."

"ఒకటి చాలన్నా. తక్కిన స్లాట్లు ఖాళీగా ఉండనీ. తర్వాత ఏసుకోవచ్చు."

పవర్ సప్లై దగ్గరా అదే వరస. ఉన్నవాటిలో పెద్దది, పదేండ్ల వారంటీది, అడిగి తీయించుకున్నాడు.

"ఈ చిన్న కార్డుకు అంతది ఏంటికిరా?" అన్నాడు రామలింగప్ప.

"రేపు పెద్ద కార్డు ఏసుకుంటే దీన్ని మార్చే పని ఉండదు."

రేపు, తర్వాత, ముందుముందు. కొడుకు నోట ఆ మాటలు ఎంత తేలిగ్గా దొర్లుతున్నాయో, తండ్రి గుండెలో అంత బరువుగా దిగుతున్నాయి. అయినా ఆ బరువు అడుగున ఒక ఊరట లేకపోలేదు. ఇంత దూరం ఆలోచించేవాడికి ఏమీ తెలిసి ఉండదు. తను ఆడిన అబద్ధం ఇంకా నిలిచే ఉంది. రామలింగప్ప ఉరుకుంద ఈరన్నకు మనసులోనే దండం పెట్టుకుని, "సరేలేరా, నీ ఇష్టం," అన్నాడు.

ఖాజా బిగించడానికి కూర్చోగానే భూపేష్ ఫోన్ తీసి పట్టుకున్నాడు.

"అన్నా, రోంత నిదానంగా చెయ్యి. ఈడియో తీస్తాండా." ఖాజా చేయి కదిలినప్పుడల్లా అతను ఫోన్‌కు దగ్గరగా వంగి చెప్పసాగాడు. "సూసినావా, ముందు ఈ కొక్కీ ఎత్తల్ల. గాడి సరిచూసుకోని రెండు పక్కలా ఒత్తల్ల. టక్‌మంటాది, భయపడొద్దు."

"ఎవరికిరా చెప్తాండావు?"

"మర్చిపోతే సూస్కునేదానికి నాయనా."

సగంలో అతనికి ఆయాసం వచ్చింది. రామలింగప్ప చప్పున స్టూలు జరిపి, నీళ్ల సీసా మూత తీసి అందించాడు.

"రక్తం తక్కువుండాది గదరా, నిలబడి చేస్తే యట్ల?"

"ఔ నాయనా. రక్తం తక్కువ," అన్నాడు భూపేష్, నవ్వుతూ. రెండు గుక్కలు తాగి, ఫోన్ మళ్లీ పైకెత్తాడు.

చివరకు ఖాజా మీట నొక్కాడు. పెట్టె లోపల ఫ్యాన్లు తిరిగి, అద్దం వెనక రంగురంగుల దీపాలు వెలిగాయి. ఆ వెలుగు పాలిపోయిన ముఖం మీద పడి, పిల్లవాడు ఒక్క క్షణం నిండు ఆరోగ్యంతో ఉన్నట్టు కనిపించాడు. రామలింగప్ప ఆ ముఖాన్ని చూడలేక వీధివైపు తిరిగాడు. ఎండలో ఒక ఆటో ఎవరికోసమో ఆగి ఉంది. కళ్లు తుడుచుకుని ఆయన వెనుదిరిగేసరికి ఖాజా బిల్లు రాస్తున్నాడు.

"వారంటీ ఎవరి పేరు మీద రాయల్లప్పా? పదేండ్లది ఇది. ఎప్పుడు చెడిపోయినా, బిల్లులో పేరున్నోళ్లే తీస్కరావల్ల."

"ఇంగెవరిది, వాందే. భూపేష్ అని రాయి."

"వద్దన్నా."

భూపేష్ తండ్రివైపు చూడలేదు. కౌంటరు కింద ఆయన చేతిని మాత్రం వెతికి పట్టుకున్నాడు.

"సాహితి అని రాయి, మా చెల్లెలు. పదేండ్లనాటికి ఈడికి రాగలిగేది ఆ పాపే గదా."