మొగం బాగా పడాల

"ఆ పట్టుచీర మార్చుకోని రమ్మని చెప్పు బయ్యన్నా! మనం పెండ్లికి వచ్చినామా, గంజికి అర్జీ పెట్టుకున్యామా?"

జమాల్ బాషా కెమెరా పెట్టెను పొట్టకు ఆనించుకుని అరిచాడు. గుమ్మంలో నిలబడిన సుబ్బరత్నమ్మ మాత్రం కదల్లేదు. నీళ్ళతో తల నున్నగా దువ్వుకుంది. నుదుట ఇంత బొట్టు, ఒంటిమీద జరీ అంచు పట్టుచీర.

"ఫోటో అంటే జలమకొకసారి దిగేది నాయనా. చినిగిన గుడ్డల్తో దిగుతారా యాడైనా?" అంది.

ఊరి పెద్ద బయ్యన్న నేల చూపులు చూశాడు. జమాల్‌కు ఒళ్ళు మండింది. వానలు మొహం చాటేసి మూడేళ్ళు. విడపనకల్లు అవతలి ఈ పల్లెలో గంజి కేంద్రం తెరవాలంటే జనం ఎట్లా ఉన్నారో ఫోటోల్లో చూపించమన్నాడు కరువు ఆఫీసరు. పోయిన వారం జమాల్ మగవాళ్ళను నడినెత్తి ఎండలో నిలబెట్టి తీశాడు. కళ్ళు గుంటలయ్యాయి, మూతులు వంకర పోయాయి. "వీళ్ళు మనుషులా, దిష్టిబొమ్మలా? ఆడవాళ్ళ ఫోటోలు తీసుకురా, మొహాలు తెలియాలి. వారమే గడువు!" అని ఆఫీసరు వాటిని విసిరికొట్టాడు.

పాపం, జమాల్‌కు స్టూడియో తెరల ముందు తీయడమే తెలుసు. బయట తీయడం కొత్త. అతనికి పని నేర్పిన హుస్సేన్ బాషా నిన్న తల వాచేట్టు చివాట్లు పెట్టి ఒకటే మాట చెప్పాడు. "ఎండలో నిలబెట్టొద్దు, నీడకు తెచ్చుకో. కండ్లు చూడు. కండ్లు పడితే మిగతాదంతా దానంతట అదే పడతాది."

వేపచెట్టుకు ఆకు లేదు. నీడంటూ ఉన్నది బయ్యన్న ఇంటి చూరు కిందే, అదీ కాస్త కాస్త కరిగిపోతోంది.

"అందర్నీ ఒక వరసన నిలబెట్టన్నా, ఒక్క ఫోటోతో అయిపోతాది."

"ఒకరెంబడి ఒకరొస్తారప్పా. అందరూ ఒక్కపారి రారు."

"ఏం, ఎందుకు రారు?"

"రారంటే రారు. అదొక్కటి అడగద్దు."

జమాల్ పళ్ళు కొరికాడు. "సరే, తెల్ల పంచె ఒకటి తెచ్చి ఈడ ఎదురుగ్గా పట్టుకో. ఎండ దానిమీద పడి మొగానికి వెలుతురు కొడతాది."

"ఒంటిమీదది తప్ప ఇంకోటి లేదప్పా."

"ఆడోళ్ళకు పట్టుచీరలు, నీకు పంచె లేదా? మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుండాది మీ ఊరి యవ్వారం!"

జమాల్ తన భుజం మీది తువ్వాలే విసిరి ఇచ్చాడు. బయ్యన్న దాన్ని రెండు చేతులా చాచి పట్టుకున్నాడు.

సుబ్బరత్నమ్మ ఫోటో పడింది. ఆమె లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. మళ్ళీ ఎంతకీ తెరుచుకోదే! లోపల గుసగుసలు, గాజుల చప్పుడు. జమాల్ కాలుగాలిన పిల్లిలా వాకిట్లో తిరిగాడు. నీడ జానెడు తగ్గింది. బస్సు తప్పితే రాత్రికి ఫోటోలు కడగడం కుదరదు, రేపు ఆఫీసరు ముందు చేతులు ఊపుకుంటూ నిలబడాలి.

"ఇంకా ఎంతసేపు సింగారించుకుంటారమ్మా? బిరబిరా రాండి!"

తలుపు తెరుచుకుంది. ఇంకొకామె. ఆమె ఒంటిమీదా పట్టే. జరీ అంచు మెరిసేసరికి జమాల్ కడుపు రగిలిపోయింది. ఇక చీరల వంక చూడదలచుకోలేదు. హుస్సేన్ బాషా చెప్పిన కళ్ళే చూశాడు. అట్లా ఒకరు లోపలికి పోవడం, తలుపు మూసుకోవడం, ఇతను తిట్టుకోవడం, ఇంకొకరు రావడం. ఆఖరున ముసలి బయమ్మ వచ్చింది. ఎండ ఆమె పాదాల దాకా వచ్చేసింది.

"మొగం బాగా పడతాదా నాయనా?" అని అడిగింది.

ఆ కళ్ళు చూసి జమాల్‌కు ఏదోగా అయింది. "పడతాదవ్వా," అన్నాడు. మీట నొక్కి, తువ్వాలు లాక్కుని బస్సుకు పరిగెత్తాడు.

మర్నాడు ఆఫీసరు ఫోటోలు చేతికి తీసుకుని, "పరవాలేదే, మొహాలు బాగా పడ్డాయి," అన్నాడు. జమాల్ గుండె కుదుటపడింది. అంతలోనే ఆఫీసరు కనుబొమలు ముడిపడ్డాయి.

"పట్టుచీరలు కట్టుకున్న వాళ్ళకు గంజి కేంద్రమా? సర్కారు బియ్యమంటే మీకు ఆటగా ఉందా?"

ఫోటోలు నేలమీద చెల్లాచెదరుగా పడ్డాయి. అర్జీ సంగతి తెలుసుకోవడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ బయ్యన్న మీదికి తిరిగాడు జమాల్.

"చెప్పినానా లేదా? మీ బడాయి ఊరిని ముంచింది గదన్నా!"

బయ్యన్న కళ్ళ నిండా నీళ్ళు. చూడలేక జమాల్ వంగి ఫోటోలు ఏరసాగాడు. సుబ్బరత్నమ్మ. చక్కటి కళ్ళు. ఎడమ భుజం మీద, ఎలుక కొట్టిందేమో, అరచేయంత నల్లటి అతుకు. రెండో ఫోటో ఎత్తాడు. ఎడమ భుజం మీద అతుకు. మూడోది తీశాడు. అక్కడా అదే అతుకు. బయమ్మ ఫోటో దాకా గబగబా చూశాడు.

లేచి, ఫోటోలన్నీ ఆఫీసరు బల్లమీద పక్కపక్కన పరిచాడు.

"సార్, మొగాలు సూడొద్దండి, ఆ భుజం మీద అతుకు సూడండి. ఊరంతటికీ ఆ చీర ఒకటే ఉండాది."