ఇంకా తగ్గలేదు

"అబద్ధం డాక్టరమ్మా! దీనికి తగ్గిపోయింది," అంటూ ఫవాజ్ భార్య చేతిలోని ఫోన్ లాక్కున్నాడు. "రాత్రి గుర్రుపెట్టి నిద్రపోయింది. పొద్దున నా రొట్టె కూడా తనే తినేసింది."

ఫోన్ తెర మీద హనాదీ నవ్వు ఆపుకుంది. శరణార్థి శిబిరాల్లో మనసు చెదిరినవాళ్లతో వారం వారం ఫోన్‌లో మాట్లాడడం ఆమె పని. ఆమెదీ సిరియాలోని మా దరా ఊరి యాసే.

"నిజమేనా, ఉమ్ ఇయాస్?" అని అడిగింది. అంటే ఇయాస్ వాళ్లమ్మా అని. మాలో పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవరు.

"లేదు తల్లీ. గుండె మీద బరువు అలాగే ఉంది," అంది వజీహా.

"నిన్న పక్కింటావిడతో పడీపడీ నవ్వినప్పుడు ఏమైందే ఆ బరువు?"

"నవ్వితే తగ్గిపోయినట్టేనా?"

ఫవాజ్‌కి తల కొట్టేసినట్టయింది. ఇయాస్ బాంబుదాడిలో పోయినప్పటి నుంచీ భార్యను కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. కొడుకు చొక్కాలు పంచిపెట్టేశాడు. ఫోటో దాచేశాడు. వాడి పేరు ఎత్తొద్దని వీధిలో గడప గడపకూ వెళ్లి బతిమాలాడు. మగవాళ్ల జాలి ఇలాగే ఉంటుంది. పిచ్చిదంటారని భయపడి, ఫోన్‌లో అల్లికలు నేర్చుకుంటోందని చెప్పాడు. ఇప్పుడు వీధంతా స్వెట్టర్లు అడుగుతోంది.

"తగ్గితే ఇదే ఆఖరి ఫోన్, ఉమ్ ఇయాస్," అంది హనాదీ మెల్లగా. "ఇంకో తల్లి ఎదురుచూస్తోంది. మొన్ననే కొడుకు పోయాడు."

వజీహా ముఖం పాలిపోయింది. ఫోన్ తిరిగి లాక్కుంది.

"అయ్యో, ఆ తల్లితో మాట్లాడు. కానీ నాకూ ఒక్క నిమిషం ఫోన్ చెయ్యమ్మా. ఏమీ చెప్పకపోయినా సరే."

"ఏమీ చెప్పకపోతే ఫోనెందుకే?" అని కసిరాడు ఫవాజ్.

వజీహా అతని వైపు చూడలేదు. కళ్లు తుడుచుకుంది.

"ఫోన్ ఎత్తగానే పిలుస్తావు చూడు తల్లీ, అదొక్కటి చాలు. ఈ వీధిలో అందరికీ నేను ఉత్త పిన్నినైపోయాను. వాడి అమ్మనని నీకొక్కదానికే గుర్తుంది."

ఫవాజ్ లేచి, రేకుల తలుపు తోసుకుని వీధిలోకి వెళ్లాడు.

కాసేపటికి అతని గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

"రండర్రా! ఉమ్ ఇయాస్ టీ పెడుతోంది!"