బరువెంత?

“ఇది ఎంత బరువుంటాది భాయ్?” భానుప్రకాశ్ మళ్లీ అదే అడిగాడు.

మదనపల్లె షాపులో అది మూడో ల్యాప్‌టాప్. పక్కనున్న అంబిక మురిసిపోయింది. పుంగనూరులో ఇంట్లో కూర్చుని పొలాలకు డ్రిప్పు సేద్యం ప్లాన్లు గీయడం, ల్యాప్‌టాప్ మోసుకుని కుప్పం వైపు వెళ్లి కొలతలు సరిచూడటం ఆమె ఉద్యోగం. తన భుజం నొప్పి మొగుడికి గుర్తుందన్నమాట!

“ఒకటిన్నర కిలో కూడా ఉండదు సార్. మేడం యాడికైనా ఎత్తుకోని పోవచ్చు,” అన్నాడు షాపు అమానుల్లా.

“అదే వద్దనేది భాయ్.” భానుప్రకాశ్ అంబిక భుజం తడుతూ, ఆమె అక్కడ లేనట్టే మాట్లాడాడు. “ఆ మూల డెస్క్‌టాప్ సూపీ. అది కదలదు, ఈమె కూడా ఇంట్లోనే పడుంటాది. మొగోళ్లతో పొలాలెంబడి తిరిగే పీడ పోతాది.”

భుజమ్మీది చెయ్యి గొంగళిపురుగులా అనిపించింది అంబికకు. విదిలించుకుంది.

“అన్నా, అన్నిట్లోకీ తేలికది ఇయ్యి.”

బిల్లు ఆమే కట్టింది. బయటికి రాగానే భానుప్రకాశ్ బ్యాగు కోసం చెయ్యి చాచాడు.

“ఇట్లియ్యి, నీకు భుజం నొప్పి కదా.”

“తాకద్దు. నువ్వు కోరుకున్నంత బరువేం లేదులే,” అని అంబిక కుప్పం బస్సెక్కింది.