గోడ మీది యేసన్న

దేవదానం అయ్యగారికి ఒళ్లు మండిపోతోంది.

కోస్తా నుంచి ఈ ఊరి చర్చికి పాస్టరుగా వచ్చి మూడు ఆదివారాలైంది. మూడు ఆదివారాలూ జనం నోట అదే పాట. "యేసన్న అయితే ప్రార్థన ఇట్ల చేసేటోడు కాదయ్యా." "యేసన్న ఎండలో నడుచుకుంటా కణేకల్లు దాకా పోయొచ్చేటోడు, బండి అడిగేటోడు కాదు."

పోయి రెండేళ్లైన మనిషితో పోటీ ఏమిటి, ఖర్మ కాకపోతే!

ఆ యేసన్న అంతకుముందు ఇక్కడి ఉపదేశి. కరువులో ఇంటింటికీ గంజి మోసి, ఆ పనిలోనే కలరా తగిలి పోయాడు. రాయదుర్గంలో తీయించుకున్న ఆయన ఫోటో ప్రసంగపీఠం పక్కనే గోడకు వేలాడుతోంది. దానికో కాగితం పూలదండ. జనం లోపలికి వస్తూనే ముందు దానికి దండం పెడతారు. జ్వరమొచ్చిన బిడ్డల్ని దాని కిందే పడుకోబెడతారు. ఇదేం భక్తో!

తీసేయమంటే సంఘపెద్ద నల్లప్ప కళ్లెర్రజేశాడు.

"ముట్టుకో సూద్దాం. రేపట్నుంచి నీ కుండలో నీళ్లు పోసేటోళ్లుండరు."

ఈ ఎండల్లో ఆ మాట ఉత్త బెదిరింపు కాదు. దేవదానం పళ్లు కొరుక్కుని ఊరుకున్నాడు. కానీ నాలుగో ఆదివారం ప్రసంగం దంచేశాడు.

"ఈ కాలపు విగ్రహాలు రాతివి కావు. దేవుడికంటే ముందు మీ మనసులో ఏది కూర్చుంటే అదే విగ్రహం. బయట మంట వేయించాను. ఎవరి విగ్రహం వాళ్లు తెచ్చి అందులో పడేయండి. దేవుడి మాట వినేవాళ్లెవరో ఇవాళ తేలిపోవాలి."

అంటూ ఫోటో వైపు ఓరగా చూశాడు.

జనానికి అర్థం కాక కాదు, మొండితనం. తిప్పన్న బీడీ కట్ట తెచ్చి మంటలో వేశాడు. ఎర్రప్ప పేకముక్కలు వేశాడు. చౌడమ్మ ఇంటికి పరుగెత్తి, పెట్టె అడుగున దాచుకున్న సినిమా పాటల పుస్తకం తెచ్చి విసిరేసింది.

"మీ చేతి గడియారం సంగతేందయ్యా? ప్రసంగంలో నాలుగు తూర్లు సూసుకుంటిరే!" అన్నాడు నల్లప్ప.

అందరూ గొల్లుమన్నారు. దేవదానం చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"ఒక్కరు! నిజంగా లోబడేవాళ్లు ఒక్కరైనా లేరా?" అని అరిచాడు.

అప్పుడు లేచింది వాకిలి దగ్గర కూర్చున్న ముసలమ్మ. రోజూ చర్చి ఊడ్చే మనిషి. పేరేమిటో దేవదానం ఎప్పుడూ అడగలేదు. ఆమె నేరుగా గోడ దగ్గరకు వెళ్లి, మునివేళ్ల మీద లేచి, ఫోటో దింపింది.

చర్చి మొత్తం లేచి నిలబడింది.

"హనుమక్కా, వద్దు!" నల్లప్ప ఆమె దారికి అడ్డంగా వచ్చాడు. "నీకు చేతులెట్లొస్తాయి?"

"అడ్డం రాకండి! ఆమెను రానివ్వండి!" దేవదానానికి గంతులేయాలనిపించింది.

"అయ్య చెప్పింది నిజమే నల్లప్పా," అంది ముసలమ్మ. "పొద్దున్నే ప్రార్థనకని వస్తా. చీపురు పట్టుకోని దీని ముందర నిలబడిపోతా. కండ్లు మూసుకుంటే దేవుడు కనపడల్ల గదా, ఇదే కనపడుతుంది. ఇంక దేవునికి నా దగ్గర చోటు యాడుండాది?"

బయటికి నడిచింది. దండ తీసి పక్కన పెట్టింది. పటం వెనక అట్ట ఊడదీసి, ఫోటో బయటికి లాగి, ఒకసారి చూసింది. మంటలో పెట్టింది.

తిప్పన్న పాస్టరు కాళ్ల ముందు ఉమ్మేశాడు. "నువ్వు మనిషివేనా?" అన్నాడు. ఆడవాళ్లు శాపనార్థాలు పెట్టారు.

పెట్టనీ! గోడ ఖాళీ అయింది. దేవదానానికి అది చాలు.

"చూశారా! ఇంతమంది మగాళ్లలో లేని విధేయత ఈమెకుంది," అన్నాడు ఛాతీ విరుచుకుని. తర్వాత ముసలమ్మ వైపు తిరిగి వెటకారంగా నవ్వాడు. "ఊరందరికీ గంజి పోశాడు, సరే. నీకంత ప్రత్యేకంగా ఏం చేసిపెట్టాడు ముసలమ్మా, ఆ యేసన్న?"

ఆమె చేతికంటిన మసి కొంగుకు తుడుచుకుంది.

"ఏం చేయలేదయ్యా, నా కడుపున పుట్టినాడు, అంతే, వాని మొగం చూసుకునేదానికి ఆ ఫోటో ఒక్కటే ఉండె."