రెండో కప్పు

నేను నర్సుగా పనిచేసే వార్డులో మోరి సార్ అని ఒక జపాన్ ఇంజనీరు ఉండేవారు. దుబాయ్ మెట్రో పనులకు వచ్చి, జబ్బుచేసి మంచాన పడ్డారు. నోరు తెరిస్తే వాళ్ల ఊరి ద్రాక్షతోటలే. వానకు తడవకుండా ప్రతి గుత్తికీ కాగితం టోపీ పెడతారట. కోతలయ్యాక తోటలోనే కూర్చుని టీ కప్పుల్లో వైన్ తాగుతారట.

వైన్ నేనెక్కణ్ణించి తేను? మా చర్చిలో ప్రభువు బల్లకు చేసినట్టే ఎండుద్రాక్ష నానబెట్టి, కాచి, ఫ్లాస్కులో పట్టుకెళ్లాను. రెండు గుక్కలకు డాక్టరు ఒప్పుకున్నారు. మోరి సార్ రెండు కప్పులు అడిగారు.

ఒకదాంట్లో పోసిచ్చాను. ఆయన తాగలేదు. వణికే చేత్తో ఫ్లాస్కు అందుకుని రెండో కప్పు మీదికి వంచబోయారు.

"ఖలాస్ సార్, ఇక చాలు, మీకెందుకు శ్రమ? ఇటివ్వండి," అని లాక్కున్నాను.

ఆయన కప్పు అలాగే చల్లారిపోయింది. నచ్చలేదు కాబోలనుకుని, నొచ్చుకుంటూ పారబోశాను. మూడోనాడు ఆయన పోయారు.

ఆయన సామాను తీసుకెళ్లడానికి వచ్చిన కూతురు, తోట ద్రాక్షా వైనూ పట్టుకుని మా ఫ్లాటుకు వచ్చింది. నా కప్పు నింపి, ఊరికే కూర్చుంది.

"నువ్వూ తాగమ్మా," అన్నాను.

"నాకు మీరు పోయాలి సిస్టర్. మా ఊళ్లో ఎవరి కప్పు వాళ్లు నింపుకోరు. ఎదుటివాళ్ల కప్పు నిండందే తాగరు." తన ఖాళీ కప్పు నా వైపు జరుపుతూ అంది, "ఇక్కడ తను పోసివ్వడానికి ఎవరూ లేరని నాన్న రాసేవారు."

సీసా అందుకున్నాను. నా చేయి వణుకుతోంది.

ఆ అమ్మాయి లాక్కోలేదు.